కర్నూలు వీధుల్లో చూపులేని నడక: ఫోను ఎంతవరకు తోడు?

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లో చూపులేని మనిషి ఒకరు నిలబడి, చేతిలోని ఫోన్‌ను కొండారెడ్డి బురుజుకు దారి అడిగారనుకుందాం. మ్యాప్స్ యాప్ క్షణంలో దారి వెతికి పెడుతుంది. ఎంత దూరమో, నడిస్తే ఎన్ని నిమిషాలో చెబుతుంది. ఆ తర్వాత వచ్చే మొదటి సూచన చాలాసార్లు “ఉత్తరం వైపు వెళ్లండి” అన్న తరహాలో ఉంటుంది. చూపున్నవాళ్లు ఈ మాటను పట్టించుకోరు. తెరమీద చుక్క ఎటు జరుగుతోందో చూసుకుంటూ నాలుగడుగులు వేస్తారు, తప్పయితే వెనక్కి తిరుగుతారు. చూపులేని మనిషికి ఉత్తరం ఎటో తేలితే తప్ప మొదటి అడుగు పడదు. అన్ని వైపుల నుంచీ ఆటోలు, బస్సులు, బైకులు వచ్చిపడే కూడలిలో ఊరికే ఓ అడుగు వేసి చూద్దామనుకోవడానికి వీల్లేదు.

జీపీఎస్‌కు మనం ఎక్కడున్నామో తెలుస్తుంది గానీ, ఎటు తిరిగి ఉన్నామో తెలియదు. మనం కదులుతుంటే, ఇందాకటి చోటునూ ఇప్పటి చోటునూ పోల్చి దిశను లెక్కగడుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఆ లెక్క కుదరదు. అప్పుడు ఫోన్‌లో ఉండే దిక్సూచి సెన్సార్ మీద ఆధారపడాలి. అది భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం కాబట్టి దగ్గర్లో ఇనుము ఎక్కువగా ఉంటే తడబడుతుంది. మన బజారు వీధుల్లో ఇనుముకు కొదవ లేదు. షాపుల షట్టర్లు, వరసగా ఆపిన బైకులు, కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల కంచెలు అన్నీ దాన్ని పక్కదారి పట్టించేవే. అందుకే ఫోన్‌తో నడక బాగా అలవాటైనవాళ్లు దిక్కుల సూచనను నమ్ముకోరు. ముందు చెవితో రోడ్డును పట్టుకుంటారు. బండ్లు ఎడమ నుంచి కుడికి పోతున్నాయా, ఎదురుగా వస్తున్నాయా అన్నది విని, తాము రోడ్డుకు ఏ వైపు తిరిగి ఉన్నారో తేల్చుకుంటారు. తర్వాత అంచు వెంబడి కొంత దూరం నడుస్తారు. అప్పటికి ఫోనుకు కూడా దిశ అర్థమవుతుంది, దూరం పెరుగుతోందో తగ్గుతోందో చెబుతుంది.

రెండో చిక్కు ఖచ్చితత్వం. పైన ఆకాశం అడ్డులేకుండా ఉన్న చోట మామూలు స్మార్ట్‌ఫోన్ చూపించే స్థానంలో సుమారు 4.9 మీటర్ల వరకు తేడా ఉండవచ్చని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ విభాగమే చెబుతోంది. 2000 మే వరకు అయితే సామాన్యులకు అందే సిగ్నల్‌ను అమెరికా కావాలనే మసకబార్చి ఉంచేది. ఆ అడ్డు తీసేశాకే జీపీఎస్ నడిచేవాళ్లకు పనికొచ్చే స్థాయికి వచ్చింది. కానీ ఐదు మీటర్లంటే పదహారు అడుగులు. కారు నడిపే మనిషికి పదహారు అడుగుల తేడా ఒక లెక్క కాదు, ఎందుకంటే కారు రోడ్డు మీదే ఉంటుందని యాప్‌కు తెలుసు, చుక్కను లాక్కొచ్చి రోడ్డు మధ్యలో పెట్టేస్తుంది. నడిచే మనిషి విషయంలో అదే తేడా చాలా పెద్దది. ఆసుపత్రి గేటుకు ఇవతల ఉన్నారా అవతల ఉన్నారా, రోడ్డుకు ఈ పక్కా ఆ పక్కా అన్నది అందులోనే మునిగిపోతుంది.

పాతబస్తీ సందుల్లో ఇది ఇంకా ఎక్కువవుతుంది. రెండు వైపులా మేడలు దగ్గరదగ్గరగా ఉన్న చోట ఉపగ్రహ సంకేతాలు గోడలకు తగిలి, చుట్టుతిరిగి ఫోనుకు చేరతాయి. ఆలస్యంగా వచ్చిన సంకేతాన్ని ఫోను దూరం నుంచి వచ్చిందనుకుంటుంది. సందు వెడల్పు కన్నా తప్పు వెడల్పు ఎక్కువైపోతుంది, ఫోను పక్క వీధి పేరు చెబుతుంది. రెండు ఫ్రీక్వెన్సీల్లో సంకేతాలు అందుకునే ఫోన్లు 2018 నుంచి మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో ఈ తప్పు కొంత తగ్గుతుంది. మన దేశపు నావిక్ ఉపగ్రహాలను కూడా అందుకునే ఫోన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయినా ఏ ఉపగ్రహమూ పాదం ముందున్న మ్యాన్‌హోల్‌ను చూపించదు.

కాబట్టి ఫోను పని ఏమిటి, కర్ర పని ఏమిటి అన్నది ముందే విడదీసి పెట్టుకోవాలి. ఏ ప్రాంతంలో ఉన్నాం, వెళ్లాల్సిన చోటు ఇంకెంత దూరం, దాటిన కూడలి పేరేమిటి అన్నవి ఫోను చెప్పగలదు. ముందున్న మెట్టు, గుంట, రాయి, బండి కర్రకే తెలుస్తాయి. చూపులేనివాళ్ల పొడవాటి కర్రను అడుగు అడుగుకూ ఎడమకూ కుడికీ ఊపుతూ నడిచే పద్ధతిని రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం రిచర్డ్ హూవర్ అమెరికాలో రూపొందించాడు. ఎనభై ఏళ్లయినా దాని స్థానం చెక్కుచెదరలేదు. స్మార్ట్‌ఫోన్ వచ్చింది కదా, కర్ర ఎందుకని పిల్లల చేతుల్లోంచి కర్ర తీసేయించే తల్లిదండ్రులు, కర్ర పట్టుకుంటే నలుగురూ చూస్తారని మొహమాటపడే కాలేజీ కుర్రాళ్లు మన దగ్గర ఉన్నారు. ఇది ప్రమాదకరమైన ఆలోచన. ఫోను లేకుండా కర్రతో నడవవచ్చు, కర్ర లేకుండా ఫోనుతో నడవకూడదు.

కర్రకూ ఒక లోటుంది. అది నేలను తడుముతుంది, నడుము పైన ఏముందో చెప్పదు. కర్నూలు వీధుల్లో దెబ్బలు ఎక్కువగా తగిలేది అక్కడే. కరెంటు స్తంభం నుంచి ఏటవాలుగా నేలకు దిగే స్టే వైరు, షాపు ముందుకు చాచిన రేకు అంచు, ఫ్లెక్సీ కట్టిన తాడు, లారీ వెనక తలుపు, ఇవన్నీ కర్ర కిందుగా దూరిపోయాక నుదుటికి తగులుతాయి. ఈ లోటు కోసమే ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ బృందం స్మార్ట్‌కేన్ తయారుచేసింది. 2014లో అది అందుబాటులోకి వచ్చింది. మామూలు కర్ర పిడికి అమర్చే ఈ పరికరం అల్ట్రాసోనిక్ తరంగాలతో మోకాలి పైన, సుమారు మూడు మీటర్ల దూరం వరకు ఉన్న అడ్డంకులను పసిగట్టి, చేతికి వైబ్రేషన్ ఇస్తుంది. శబ్దం చేయకుండా చేతికి మాత్రమే చెప్పడం దీనిలోని గొప్ప ఆలోచన. చూపులేనివాళ్ల నడకలో చెవి చేసే పని ఇంతా అంతా కాదు, ఇంకో పరికరం ఆ చెవిని ఆక్రమించకూడదు.

చెవి గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. యాప్‌ల ప్రకటనల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చిరునవ్వుతో నడిచే మనిషిని చూపిస్తారు. బళ్ళారి చౌరస్తాలో అలా నడవడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. వెనక నుంచి వచ్చే బస్సు ఇంజిను, పక్కనే తిరగబోయే ఆటో, గోడ దగ్గరైతే మారే అడుగుల చప్పుడు, ఖాళీ స్థలం వస్తే తగిలే గాలి, ఇవన్నీ చెవికీ చర్మానికీ అందే సమాచారం. రెండు చెవులూ మూసేస్తే ఫోను చెప్పే ఒక్క మాట కోసం ఇన్ని మాటలు పోతాయి. చెవి రంధ్రాన్ని మూయకుండా, చెంప ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు ఇందుకు మంచివి, కానీ అందరికీ అందే ధర కాదు. ఫోనును మెడలో పౌచ్‌లో వేలాడదీసుకుని, స్పీకర్‌ను తక్కువ సౌండులో పెట్టుకోవడం చవకైన మార్గం. దీనితో ఇంకో లాభం కూడా ఉంది. ఒక చేతిలో కర్ర ఉంటే రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది, పడబోతే పట్టుకోవడానికీ, గోడను తడమడానికీ. ఎంత రద్దీ ఉన్నా చప్పుడుతో బండిని పసిగట్టగల నేర్పు ఉన్నవాళ్లకు కూడా బ్యాటరీ ఆటోలు, ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇప్పుడు కొత్త టెన్షన్ తెచ్చిపెట్టాయి. పక్కకు వచ్చేదాకా అవి వినపడవు.

ఇన్ని పరిమితులు చెప్పాక, ఈ ఊళ్లో ఫోను నిజంగా ఎక్కడ ఉపయోగపడుతోందన్న ప్రశ్న వస్తుంది. జవాబు నడకలో కన్నా ఆటోలో ఎక్కువగా దొరుకుతుంది. షేర్ ఆటో ఎక్కిన చూపులేని ప్రయాణికుడు ఇదివరకు పూర్తిగా డ్రైవరు మీద ఆధారపడేవాడు. సీ క్యాంప్ వచ్చిందని చెప్పడం డ్రైవరు మరిచిపోతే, రెండు స్టాపులు దాటాక దిగి, తెలియని చోట నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనులో మ్యాప్ నడుస్తుంటే ఏ రోడ్డులో పోతున్నాం, ఎంత దూరం ఉంది అన్నది వినిపిస్తూనే ఉంటుంది. సరైన చోట తనే “ఇక్కడ ఆపన్నా” అనగలడు. ఆటో వేరే దారి పడితే “ఇటెందుకు పోతున్నావన్నా?” అని అడగగలడు. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకు ఈ మాట అడగగలగడం ఎంత ధైర్యమో వేరే చెప్పక్కర్లేదు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టి ఇంట్లోవాళ్లకు పంపడం 2017 నుంచి కుదురుతోంది. దాన్ని ఎనిమిది గంటల వరకు ఉంచవచ్చు. బండి మీద వెళ్లేటప్పుడు ఐదు మీటర్ల తప్పు ఎవరినీ ఇబ్బంది పెట్టదు, దిశ కూడా కదలిక వల్ల సరిగ్గానే తెలుస్తుంది. జీపీఎస్ బలహీనతలు రెండూ ఇక్కడ అడ్డురావు. అందుకే ఫోను కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట నేర్పాల్సింది రోడ్డు మీద నడక కాదనీ, ఆటోలో కూర్చుని దారిని వినడమనీ అనిపిస్తుంది. నాలుగైదు ప్రయాణాలు విన్నాక ఊరి ఆకారం మనసులో కుదురుకుంటుంది. ఏ కూడలి తర్వాత ఏది వస్తుందో తెలిశాక నడకలో భయం తగ్గుతుంది.

దిగాక చివరి పది ఇరవై అడుగులు మాత్రం మళ్లీ చేతిలోకే వస్తాయి. “మీ గమ్యం చేరుకున్నారు” అని ఫోను చెప్పే చోటు చాలాసార్లు గేటు కాదు, ఆ ఆవరణ మధ్యలో ఎక్కడో పెట్టిన ఒక బిందువుకు దగ్గరగా ఉన్న రోడ్డు. పెద్దాసుపత్రి లాంటి పెద్ద ఆవరణకు ఎన్నో తలుపులుంటాయి, ఓపీ ఎటు, క్యాజువాలిటీ ఎటు అన్నది ఆ బిందువు చెప్పదు. దీనికి మందు తెలిసినవాళ్లతో ఒకసారి వెళ్లి, సరిగ్గా గేటు దగ్గర నిలబడి ఆ చోటును ఫోనులో సేవ్ చేసుకోవడం. దాంతోపాటు అక్కడి స్థిరమైన గుర్తును కూడా మనసులో పెట్టుకోవాలి. కేసీ కెనాల్ వంతెన ఎక్కేటప్పుడు కాళ్లకు తెలిసే ఎత్తు ఏ రోజైనా అక్కడే ఉంటుంది. పొద్దున పూట ఉగ్గాని బజ్జీ వాసన వచ్చే టిఫిన్ బండి మంచి గుర్తే కానీ, మధ్యాహ్నానికి ఆ బండి ఉండదు. మసీదు మైకు, బడి గంట, రైస్ మిల్లు చప్పుడు వేళను బట్టి మాత్రమే పనికొస్తాయి. రోజంతా మారని గుర్తులనూ, వేళను బట్టి వచ్చే గుర్తులనూ వేరు చేసుకోవడం నడక శిక్షణలో మొదటి పాఠాల్లో ఒకటి. ఫోనుకు ఈ తేడా తెలియదు.

భాష సంగతికి వద్దాం. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ 2009 నుంచి ఉంది. అదే ఏడాది ఐఫోన్‌కు వాయిస్‌ఓవర్ వచ్చింది. తెరమీద వేలు జరిపితే అక్కడున్నది చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. తెలుగులో చదివే గొంతు ఉచితంగానే దొరుకుతుంది. గూగుల్ మ్యాప్స్ 2018లో తెలుగులో దారి చెప్పడం మొదలుపెట్టింది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మ్యాప్‌లో కర్నూలు షాపుల పేర్లు, వీధుల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి. ఎవరో షాపాయన తనకు తోచిన స్పెల్లింగులో పెట్టిన పేరును తెలుగు గొంతు చదివితే ఒకలా, ఇంగ్లిష్ గొంతు చదివితే మరోలా ఉంటుంది. బుధవారపేట, జోహరాపురం, బంగారుపేట లాంటి పేర్లు ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకే అర్థంకానంతగా పలుకుతాయి. రద్దీలో, హారన్ల మధ్య, ఒక్కసారే వినిపించి పోయే మాట స్పష్టంగా లేకపోతే అది లేనట్టే. చూపున్నవాళ్లకు తప్పు ఉచ్చారణ ఒక చిన్న చికాకు, తెర చూసి సరిచేసుకుంటారు. చూపులేనివాళ్లకు ఆ ఉచ్చారణే ఆ చోటు. ఈ లోపం సరిచేయడానికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు. పేర్లను తెలుగు లిపిలో కూడా ఎక్కించడమొక్కటే చాలు, ఇంటర్ చదివే పిల్లలు సాయంత్రాల్లో కూర్చుని చేయగల పని.

నడిచేవాళ్ల కోసం ప్రత్యేకంగా, ఎక్కువ వివరంగా మాట్లాడే సూచనలను గూగుల్ 2019 అక్టోబరులో ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు తెచ్చింది. సరైన దారిలోనే ఉన్నారు, తర్వాతి మలుపుకు ఇంత దూరం, పెద్ద రోడ్డు దాటబోతున్నారు జాగ్రత్త అని అది ముందే చెబుతుంది. టోక్యో ఆఫీసులో పనిచేసే, తనకే చూపు సరిగ్గా లేని వకానా సుగియామా దాని వెనకున్న వ్యక్తుల్లో ఒకరు. మొదట అమెరికాలో ఇంగ్లిష్‌లో, జపాన్‌లో జపనీస్‌లో అది వచ్చింది. అవసరం ఉన్న మనిషి తయారీ గదిలో కూర్చుంటే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. దారి తప్పలేదన్న భరోసా మధ్యమధ్యలో ఇవ్వడమనే ఆలోచన చూపున్న ఇంజినీరుకు తట్టేది కాదు. నిశ్శబ్దంగా మూడు నిమిషాలు నడిచాక ఫోను ఆగిపోయిందా, తను దారి తప్పారా అన్న అనుమానం ఎంత భారమో నడిచినవాళ్లకే తెలుసు.

మైక్రోసాఫ్ట్ 2018లో తెచ్చిన సౌండ్‌స్కేప్ అనే యాప్ దీనికన్నా ఒక అడుగు ముందుకు వేసింది. అది ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అని ఆజ్ఞలివ్వదు. వెళ్లాల్సిన చోటు నుంచి ఒక శబ్దం వస్తున్నట్టు చెవిలో వినిపిస్తుంది. తల తిప్పితే ఆ శబ్దం కూడా పక్కకు జరుగుతుంది. చుట్టూ ఉన్న కూడళ్లు, షాపులు ఏ వైపున్నాయో ఆ వైపు నుంచే పలుకుతాయి. దారి ఎంచుకోవడం మనిషి చేతిలోనే ఉంటుంది. చాలామంది చూపులేనివాళ్లు దీన్ని ఇష్టపడ్డారు. అయినా 2023లో కంపెనీ దాన్ని ఆపేసింది. అదృష్టమేమిటంటే ఆపేముందు దాని కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చింది కాబట్టి వాయిస్‌విస్టా లాంటి వారసులు పుట్టాయి. ఒక కంపెనీ లెక్కల్లో లాభం కాని యాప్ మరొకరి రోజువారీ నడక అయి ఉంటుంది. ప్రభుత్వ డబ్బుతోనో విశ్వవిద్యాలయాల్లోనో చేసే యాప్‌లకు మొదటి రోజు నుంచే తెరిచిన కోడ్ షరతు కావాలనడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

సౌండ్‌స్కేప్ వాడింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను. 2004లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు. పాదచారులు దాటే చోటు ఎక్కడ, అక్కడ అంచు ఎంత ఎత్తు, పాదానికి తగిలి దారి చెప్పే స్పర్శ పలకలున్నాయా, మెట్లెన్ని అన్నవి రాయడానికి అందులో ముందే గళ్లున్నాయి. కర్నూలుకు సంబంధించి ఆ గళ్లు నింపే పని ఎవరో ఒకరు నెత్తికెత్తుకోవాలి. ఎత్తయిన డివైడర్ ఎక్కడ తెగి నడిచేవాళ్లకు దారి ఇస్తుంది, ఏ వీధిలో మురుగు కాలువ మీద బండలు లేవు, ఏ మలుపులో రెయిలింగ్ అడ్డం ఉంది, ఇవి బండి నడిపేవాళ్ల కోసం గీసిన మ్యాప్‌లో ఉండవు. ఇంటి నంబర్లు వరుసలో లేని కాలనీల్లో అడ్రసు బదులు ప్లస్ కోడ్ వాడవచ్చు. గూగుల్ తయారుచేసిన ఈ ఉచిత కోడ్‌లో పది అక్షరాలు సుమారు 14 మీటర్ల చదరాన్ని సూచిస్తాయి. ఆటో అతనికి “నీళ్ల ట్యాంకు పక్క సందు, వేపచెట్టు ఇల్లు” అని చెప్పలేని వ్యక్తికి ఈ కోడ్ మెసేజ్‌లో పంపగలగడం పెద్ద సౌకర్యం.

ఇక కెమెరా వైపు. డెన్మార్క్‌లో హాన్స్ యార్గన్ వైబెర్గ్ ఆలోచనతో 2015లో మొదలైన బీ మై ఐస్ యాప్, చూపులేనివాళ్లను చూపున్న స్వచ్ఛంద సేవకులతో వీడియోలో కలుపుతుంది. మన ఇళ్లల్లో ఇదే పనిని వాట్సాప్ వీడియో కాల్‌లో చెల్లెలో, స్నేహితుడో చేస్తున్నారు. “కొంచెం పైకెత్తన్నా, ఆ బోర్డు సగమే కనపడుతోంది” అంటూ. 2023 నుంచి బీ మై ఐస్‌లో మనిషికి బదులు కృత్రిమ మేధ కూడా ఫొటో చూసి వివరిస్తోంది. షాపు బోర్డు చదవడం, మందు పెట్టె పేరు చెప్పడం, ముందున్నది ఏ గేటో గుర్తించడం దానితో బాగా కుదురుతాయి. రోడ్డు దాటడానికి దాన్ని నమ్మవద్దని ఆ సంస్థే హెచ్చరిస్తోంది. కారణం రెండు. ఫొటో తీసి, పంపి, జవాబు వచ్చేలోపు రోడ్డు మీద పరిస్థితి మారిపోతుంది. రెండోది, ఆ యంత్రం తెలియని విషయాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెబుతుంది. చెల్లెలికి అనుమానమొస్తే గొంతులో తెలుస్తుంది, “ఆగన్నా, సరిగ్గా కనపడట్లేదు” అంటుంది. యంత్రం గొంతులో ఆ తడబాటు ఉండదు. చూసి సరిపోల్చుకునే వీలు లేని మనిషికి తప్పు జవాబు కన్నా ఈ ధీమా ఎక్కువ చేటు చేస్తుంది.

అంధత్వం అనగానే పూర్తి చీకటిని ఊహించుకోవడం ఇంకో పొరపాటు. చూపు కొంత మిగిలినవాళ్లే ఎక్కువ. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లకు పగలు ఎదురుగా కాస్త కనిపిస్తుంది, పక్క చూపు ఉండదు, చీకటి పడితే రేచీకటి. ఆ మనిషి పొద్దున కర్ర లేకుండా ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం ఏడింటికి టాక్‌బ్యాక్ వేసుకుని కర్రతో తిరిగొస్తే, పగలు చూసినవాళ్లు నటిస్తున్నాడంటారు. ఈ నింద భయంతో చీకటిపడ్డాక బయటికి రావడమే మానేసినవాళ్లున్నారు. ఇలాంటివాళ్లకు ఎండలో కూడా కనిపించే ఎక్కువ కాంట్రాస్ట్, పెద్ద అక్షరాలు, తెర పెద్దది చేసే సదుపాయం కావాలి. కర్నూలు మే నెల ఎండకు తెరమీద ఏమీ కనిపించదు. ఫోను వేడెక్కి తనంతట తనే వెలుగు తగ్గించుకుంటుంది కూడా. ఎండాకాలం మధ్యాహ్నాల్లో తెరను పక్కన పెట్టి గొంతు మీదకు మారడం వీళ్లకు ముందే అలవాటుండాలి.

బస్టాండు మరో రకం సవాలు. పైకప్పు కింద జీపీఎస్ సరిగ్గా అందదు. బస్సు ఎక్కడుందో ఏపీఎస్‌ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్ చెబుతుంది, కానీ ఆ బస్సు వచ్చి ఆగాక దాని తలుపు ఎక్కడుందో చెప్పదు. అందుకే ఇప్పటికీ “ఏం బస్సన్నా ఇది, ఆదోనిదా?” అన్న కేకే నమ్మకమైన సాధనం. బస్సు నంబరును పలికించి, తలుపు దగ్గరి స్పీకర్ శబ్దంతో దారి చూపే ఆన్‌బోర్డ్ అనే పరికరాన్ని ఐఐటీ ఢిల్లీ వాళ్లే తయారుచేశారు. దానికి ప్రతి బస్సులో ఖర్చు పెట్టాలి. అంతకన్నా చవకైనది ప్లాట్‌ఫాంల దగ్గర అతికించే రంగురంగుల కోడ్‌లు. స్పెయిన్‌లో పుట్టిన నావిలెన్స్ కోడ్‌లను ఫోను కెమెరా దూరం నుంచే, గురి చూడకుండానే పట్టుకుని, ఏ వైపు ఎంత దూరంలో ఉందో పలుకుతుంది. మామూలు క్యూఆర్ కోడ్‌ను వెతికి కెమెరా దాని ఎదుట పెట్టాలి, చూపులేనివాళ్లకు అది కుదరదు. కర్నూలు బస్టాండులో ప్రతి ప్లాట్‌ఫాం స్తంభానికీ, విచారణ కౌంటరుకూ, టాయిలెట్‌కూ ఇలాంటి కోడ్ అతికించడం కార్పొరేషన్ బడ్జెట్‌లో కనిపించే ఖర్చే కాదు.

ఎంత మంచి యాప్ అయినా నేల సరిగ్గా లేకపోతే చేయగలిగింది తక్కువ. రైల్వే ప్లాట్‌ఫాం అంచున కనిపించే పసుపు బొడిపెల పలకలను జపాన్‌లో సెయిచి మియాకే 1965లో రూపొందించాడు. 1967లో ఒకాయామాలో మొదటిసారి పరిచారు. గీతలున్న పలక ముందుకు నడవమని, బొడిపెలున్న పలక ఆగి చూసుకోమని పాదానికి చెబుతుంది. మన ఊళ్లలో పేవ్‌మెంటు వేసేటప్పుడు అందానికన్నట్టు ఈ పలకలు పరిచి, తిన్నగా కరెంటు స్తంభం మీదికి తీసుకెళ్లడం, లేదా తోపుడు బండి కింద దాచేయడం కనిపిస్తుంటుంది. చట్టం లేక కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం రోడ్లు, రవాణా, సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. చూపులేని పౌరుడు రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న, ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని తీర్పునిచ్చింది. 2025 మేలో మరో కేసులో, నడవడానికి వీలైన ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమనీ, దివ్యాంగులకు కూడా అవి పనికొచ్చేలా ఉండాలనీ చెప్పింది. ఫుట్‌పాత్ మీది షాపు మెట్లు తొలగించడం ఏ కార్పొరేటరుకైనా కష్టమైన పనే. కానీ కొత్తగా వేసే ప్రతి రోడ్డుకు బిల్లు చెల్లించేముందు, ఊళ్లోనే ఉన్న ఒక చూపులేని వ్యక్తితో దాన్ని ఒక్కసారి నడిపించి సంతకం తీసుకోవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

చివరిగా శిక్షణ. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నవాళ్లు దేశంలో 50 లక్షల పైచిలుకు. పక్కనే అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు లాంటి సంస్థలు చూపులేని పిల్లలకు బడులు నడుపుతున్నాయి కాబట్టి చిన్నప్పుడే చూపు పోయినవాళ్లలో కొందరికైనా బ్రెయిలీ, కర్ర, కంప్యూటరు నేర్చుకునే చోటుంది. నలభై ఐదేళ్లకు షుగరు వల్లో గ్లకోమా వల్లో చూపు పోయిన లారీ డ్రైవరుకు, టైలరుకు, పొలం పని చేసే ఆవిడకు అలాంటి చోటు లేదు. వాళ్ల చేతిలో ఫోను మాత్రం ఉంది. అందులో టాక్‌బ్యాక్ కూడా ఉంది, ఆన్ చేసి చూపించినవాళ్లు లేరు. దివ్యాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకంలో స్మార్ట్‌కేన్, స్క్రీన్ రీడర్ ఉన్న ఫోను వంటివి ఉన్నాయి, కానీ పరికరం చేతికి ఇచ్చినంత మాత్రాన నడక రాదు. వాళ్లందరూ తప్పనిసరిగా వచ్చే చోటు ఒకటుంది, అది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరం. సర్టిఫికెట్ కోసం, పెన్షన్ కోసం ఊళ్ల నుంచి తోడు తీసుకుని మరీ వస్తారు, గంటలకొద్దీ కూర్చుంటారు. డాక్టరు వైకల్య శాతం రాసి పంపేస్తారు. అదే వరండాలో పక్కన ఇంకో బల్ల వేసి, ఫోనులో తెలుగు గొంతు పెట్టి, ఇంటి గేటును మ్యాప్‌లో సేవ్ చేయడం నేర్పి, కర్ర పట్టుకునే పద్ధతి చూపించడానికి ఒక శిక్షకుడిని, వీలైతే చూపులేని శిక్షకుడినే, కూర్చోబెట్టవచ్చు. ఎలాగూ గంటలకొద్దీ కూర్చోవాల్సిందే కాబట్టి, వచ్చినవాళ్లకు ఇందుకోసం విడిగా ఇంకో రోజు కూలి పోగొట్టుకోవాల్సిన పని కూడా ఉండదు.